పసుపు అద్దిన కార్డు

ఒక కార్డు సంగతి అడుగుతూ సర్కారు పరీక్షల ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడోది రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన చీటీ తిరిగొచ్చింది గానీ జవాబు రాలేదు. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో ఒక సర్కారు ఉద్యోగ పరీక్షకు అప్లికేషన్ పెట్టాను. వయసు ప్రకారం నాకు అదే ఆఖరి అవకాశం. హైదరాబాదులో కంప్యూటర్ వచ్చిందట, హాల్ టికెట్లు అదే తయారు చేస్తుందట. అందుకోసం కూచిపూడి దగ్గర మా ఊరికి పోస్టులో ఒక అట్ట కార్డు వచ్చింది. నిండా చిల్లులు; మిషన్ చదివేది ఆ చిల్లులనేనట. సంతకం చేసి తిరిగి పంపాలి. మడవకూడదు, గుచ్చకూడదు, చింపకూడదు అని ఇంగ్లీషులో అచ్చేశారు. నేను మడవలేదు, గుచ్చలేదు, చింపలేదు. సంతకం చేసి దేవుడి దగ్గర పెట్టాను. మా అమ్మ నాలుగు మూలలా తడిపసుపు అద్దింది. మంచి పని మీద వెళ్లే కాగితం ఏదీ మా ఇంట్లో పసుపు లేకుండా గడప దాటేది కాదు. పసుపు అద్దకూడదని కార్డు మీద ఎక్కడా లేదు.

కార్డు పోస్టులో వేశాను. హాల్ టికెట్ రాలేదు. పరీక్ష మూడు రోజులుందనగా బెజవాడలో ఆ పరీక్షల ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా వెతికి, హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన నా కార్డు నా ముందు పెట్టాడు.

"ఏంటండీ, దీన్ని పేరంటానికి పిలిచారా?"

"నా సంతకం కనబడుతోందా, లేదా?"

"కనబడుతోందండీ."

"నంబరు?"

"అదీ కనబడుతోంది. నాకు కనబడితే లాభమేంటండీ, మిషన్‌కి కనబడాలి. మూలలు ఉబ్బాయి. అది మింగలేదు."

"అయితే హాల్ టికెట్ మీరే చేత్తో రాసివ్వండి."

"రాసిస్తాను. అక్కడ జాబితాలో మీ పేరుండదు. జాబితా కూడా మిషనే కొడుతుందండీ."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే పోట్లాడేవాణ్ణి.

పరీక్ష రోజున నేను చేనుకు నీళ్లు పెట్టాను. ఆ తర్వాత మా చెల్లెలి శుభలేఖలు వచ్చినప్పుడు అమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఆగిపోయింది.

"ఇవి మిషన్‌లోకి వెళ్లవు కదరా?" అంది.

ఇప్పుడు ఫోన్లో ఏదైనా ఫారం నింపితే, అది తప్పేమిటో చెప్పకుండా మళ్లీ మొదటికి పంపుతుంది. "మీరే ఏదో నొక్కి ఉంటారు" అంటారు పక్కవాళ్లు. నేను నొక్కలేదు.

ఆ కార్డు తయారుచేసినవాళ్లు, దాన్ని పట్టుకోబోయే ఒక్క మనిషి ఇంటికైనా ముందు వెళ్లి చూశారా? వెళ్తే ఎవరింటికి? వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు? తప్పు మా అమ్మదేనంటారా, ఆ మాటే రాసి, కింద సంతకం పెట్టి పంపండి. ఆవిడ లేదు. నేనున్నాను. ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పాలి.