చక్రం గుర్తు లేని చోటు

ఆ రోజుల్లో నాకు భయాలు చాలా ఉండేవి, అన్నీ తప్పుడు భయాలే. పోలీసును చూస్తే భయం. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన కారులోని మనిషి నా వైపు తిరిగితే భయం. రోడ్డు మీద బోర్డు కనిపిస్తే మరీ భయం (అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు, తెలుగే చదవలేనివాడికి అరబ్బీ అయితేనేం, ఇంగ్లీషు అయితేనేం. నలభై దాటాక నాతో గదిలో ఉండే ఒకాయన పట్టుబట్టి దిద్దించాడు కాబట్టి ఈ మాత్రం రాస్తున్నాను). నిజంగా భయపడాల్సినవాటికి మాత్రం భయపడేవాణ్ణి కాదు. నేలంటే భయం లేదు, నీళ్ళంటే భయం లేదు, నాకంతా తెలుసు అనుకోవడమంటే అసలే లేదు. పాతికేళ్ళ కిందట ఒక చలికాలం మధ్యాహ్నం ఈ మూడూ కలిసికట్టుగా నా మీద పడ్డాయి. ఆ రోజు పడ్డ భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

అప్పటికి నేను బహ్రెయిన్ వచ్చి నాలుగు నెలలు. (మా వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే, మా ఊళ్ళో అందరూ నేను దుబాయిలో ఉన్నాననే అనుకునేవాళ్ళు, ఇప్పటికీ అంతే.) రిఫాలో ఒక ఇంట్లో డ్రైవర్ పని. మా కఫీల్, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న యజమాని, చెడ్డవాడు కాడు గానీ గొంతు పెద్దది. ఆయన తల్లిని పనివాళ్ళమంతా పెద్దమామా అని పిలిచేవాళ్ళం. భారీ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, చేతిలో ఎప్పుడూ కర్ర. ఆమె భర్త ఆ ఏడాదే పోయాడు. వాళ్ళ ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా కూర్చుంది. ఆ గడువు తీరేసరికి ఆమెకు చప్పుడు పడకుండా పోయింది. గిన్నె మీద మూత పెట్టినా ఉలిక్కిపడేది. ఆ ఇంట్లో మేమందరం దొంగల్లా నడిచేవాళ్ళం. ఆమె నవ్వడం అటుంచి, కడుపునిండా నిద్రపోవడం కూడా ఎవరూ చూడలేదు.

చలికాలం వస్తే ఇక్కడి కుటుంబాలన్నీ ఎడారిలోకి పోయి గుడారాలు వేసుకుంటాయి. మా కఫీల్ గుడారంతో ఆగలేదు. జీపు వెనక తగిలించుకుని పోయే చక్రాల గది ఒకటి కొన్నాడు, కారవాన్ అంటారు. లోపల మంచం, పొయ్యి, కిటికీకి తెర కూడా. నన్ను పిలిచి, హిందీలో కొంతా చేతులతో కొంతా చెప్పాడు. "రేపు అమ్మను తీసుకుని నువ్వు ముందు పో. చప్పుడు లేని చోటు వెతుకు. మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక పిల్లల్ని తీసుకుని మేం వస్తాం. తారు రోడ్డు దిగినచోట కర్రకు ఎర్రగుడ్డ కట్టు, చూసుకుని వస్తాం. అమ్మ పడుకున్న చోట ఇంకొక మనిషి కనిపించాడంటే, ఎల్లుండి నువ్వు మీ ఊళ్ళో కనిపిస్తావు."

ఆ చివరి మాట ఆయన చేతులతో కాదు, కళ్ళతో చెప్పాడు.  మా ఊళ్ళో ఒకాయన ఆరు నెలలకే తిరిగొస్తే ఆయనకు 'ఆర్నెల్ల దుబాయి' అనే పేరు స్థిరపడిపోయింది. పెళ్ళి పత్రికల మీద కూడా అలాగే రాయిస్తారేమో అన్నంతగా. నేను నాలుగు నెలలకే పోతే నా పిల్లల్ని ఏమని పిలుస్తారో, ఆ రాత్రంతా అదే ఆలోచన.

మాతో వంట చేయడానికి ఉప్పుమళ్ళ అక్క వచ్చింది. కోస్తా వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, ఆ ఇంట్లో ఆరేళ్ళ నుంచి ఉంది. వాళ్ళది సముద్రం ఒడ్డున ఉప్పు పండించే పల్లె, మాటకు ముందు "మా ఉప్పుమళ్ళలో అయితే" అనేది, అందుకని ఆ పేరు. ఆమె మాట నాకు అర్థమయ్యేది గానీ ఆమె మాట వినడం నా పద్ధతి కాదు.

పొద్దున్నే బయల్దేరాం. కారవాన్ తోలడం నాకు అదే మొదలు. వెనక అద్దంలో చూస్తే ఒక ఇల్లు మమ్మల్ని తరుముకొస్తున్నట్టుండేది. నేను బ్రేకు వేస్తే అది వేసేది కాదు. ముందు సీట్లో పెద్దమామా కర్ర పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది, వెనక సీట్లో అక్క ఉల్లిపాయల సంచీ పట్టుకుని. మొదట ఇసుక దిబ్బల మధ్య ఒక చోట ఆపాను. టీ మరిగేలోపు నాలుగు చక్రాల మోటారు సైకిళ్ళ మీద అరడజనుమంది కుర్రాళ్ళు వచ్చి మా చుట్టూ తిరణాల పెట్టారు. పెద్దమామా కర్ర ఎత్తింది, వాళ్ళ మీదికి కాదు, నా మీదికి. రెండో చోట మనుషులు లేరు, నిజమే. ఒంటెలున్నాయి. ఒకటి కిటికీలోంచి తల పెట్టి తెర నమలడం మొదలుపెట్టింది. పెద్దమామా "యల్లా" అంది, ఇక పద అని. ఆ ఒక్క మాటలో నా వీసా కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది నాకు.

జల్లాఖ్ అనే ఊరు దాటి ఇంకా దక్షిణానికి పోయాక సముద్రం పక్కన కనిపించిందండీ ఆ చోటు. గుంటుక తోలి చదును చేసిన చెలకలాగా ఎక్కడా మిట్టా పల్లం లేదు. ఎండలో తళతళ మెరుస్తోంది. మనిషి లేడు, ఒంటె లేదు, గుడారం లేదు. అంత విశాలమైన నేల మీద ఒక్క చక్రం గుర్తు లేదు. నా ప్రాణం లేచొచ్చింది. రోడ్డు దిగి, గులకరాళ్ళ గట్టు దాటి, బర్రున నీళ్ళ వైపు తోలి, అంచుకు చాలా ఇవతలే కారవాన్ నిలబెట్టాను. పెద్దమామా దిగి చెవి ఒగ్గి విన్నది. ఏమీ వినిపించలేదు. తల ఊపి, లోపలికి పోయి మంచమెక్కింది. అయిదు నిమిషాల్లో గురక.

అక్క మాత్రం కింద నిలబడి నేల వైపే చూస్తోంది. "ఇక్కడ ఆపేవేంటి తమ్ముడూ?"

"సూడక్కా, ఒక్క సక్రం గుర్తన్న ఉన్నదా? ఎవ్వడు రాడు ఈడికి."

"అదే కదా అడుగుతున్నాను. ఎందుకు రాలేదంటావు?"

"ఈ జాగ వాళ్ళకు తెల్వక."

అక్క చెప్పులు విడిచి మడమతో నేలను గట్టిగా నొక్కింది. పెంకు పగిలినట్టు చిన్న చప్పుడైంది. ఆ గుంటలోకి నీళ్ళు ఊరాయి. "చూడు. ఆ మెరిసేది ఉప్పు. పైన అప్పడం, కింద అంబలి. బండి కదులుతున్నంతసేపే ఆగుద్ది ఇది. నిలబెడితే దిగిపోద్ది."

"అక్కా, నేను ఎవుసం చేసినోన్ని. మట్టి సంగతి నాకు చెప్తవా?"

"నీది వరి మడి. నాది ఉప్పు మడి. పదేళ్ళప్పటి నుంచి ఉప్పు లాగేను బాబూ."

"ఇది దుబాయక్కా. మీ ఊరు గాదు."

(ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి. ఉప్పుకు దుబాయేమిటి, కోస్తా ఏమిటి.) ఆమె చెప్పులు తొడుక్కుంది. "ఎర్రగుడ్డ కట్టడానికి పోతున్నావు కదా, జీపు తెచ్చి మళ్ళీ ఇక్కడ పెట్టకు, ఆ రాళ్ళ మీదే ఆపు" అని మాత్రం అంది. కారవాన్ విప్పేసి జీపు తీసుకుని పోయాను. కర్ర పాతి, గుడ్డ కట్టి, ఆ గుడ్డ గాలికి ఎగురుతుంటే నా తెలివికి నేనే మురిసి, ఒక బీడీ కాల్చుకుని తీరిగ్గా వచ్చాను.

గట్టు మీదికి రాగానే అక్క కనిపించింది. గరిటె పైకెత్తి అడ్డంగా ఊపుతోంది, రావద్దని. ఆమె వెనక కారవాన్ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒక చక్రం సగం లేదు. నేను చూస్తుండగానే ఇంకొంచెం లేకుండా పోయింది. అంతకన్నా భయం, ఇందాక దూరంగా ఉన్న నీటి అంచు ఇప్పుడు చక్రం పక్కనే ఉంది. చప్పుడు లేకుండా వచ్చింది. చప్పుడు లేని చోటు కదా.

జీపు అక్కడే వదిలి పరుగెత్తాను. మూడడుగులకు ఒకసారి కాలు మోకాలి దాకా దిగబడింది. చెప్పు లోపలే ఉండిపోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

"పోటొస్తంది తమ్ముడూ. ఇంకో అరగంటలో మెట్టు మీదికొచ్చేస్తాది."

"అక్కా, ఏం జేద్దమే. ఎవ్వరినన్న పిలుస్త."

"ఎవర్ని పిలుస్తావు? మనిషి లేని చోటు వెతికేవు కదా."

నా చేతిలో ఫోను లేదు, అప్పట్లో కఫీల్‌కు మాత్రమే ఉండేది. రోడ్డు మీద బండి లేదు. లోపల పెద్దమామా గురక పెడుతోంది.  ఉద్యోగం సంగతి మరిచిపోయాను, నిజంగా. ఆ గురక ఆగిపోతుందేమోనని భయం, ఆగకపోతే ఇంకా భయం. అంత బరువైన మనిషి, నడవలేని మనిషి, ఆమెను అక్కడ పడుకోబెట్టింది నేను.

"లోపలికి పాకు. నిలబడి నడవకు, ఒకే పక్క బరువు పడితే బోల్తా కొడుతుంది. దిండ్లు, పరుపులు, తివాచీ అన్నీ బయట పడెయ్యి" అంది అక్క.

"తివాచీ కొత్తదక్కా. కఫీల్ సంపుతడు."

"తివాచీ కొత్తదే. ఆవిడ మోకాళ్ళు పాతవి. పడెయ్యి."

బల్లిలా పాకాను. వచ్చిన అరబ్బీ అంతా కూడదీసుకుని "పెద్దమామా, యల్లా, ఖలాస్" అన్నాను. ఆమె ఒక కన్ను తెరిచి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి నిద్రపట్టింది, పోరా అన్నట్టు ఏదో అని గోడ వైపు తిరిగింది. ఆమె తిరిగిన బరువుకు గది కిర్రుమని ఇంకొంచెం ఒరిగింది. పొయ్యి మీది గిన్నె జారి పడింది. అప్పుడు లేచి కూర్చుంది. కిటికీలోంచి చూసింది. సముద్రం ఉండకూడని చోట ఉంది. ఆమె ముఖం చూశాక నాకు ధైర్యం చెప్పాలనిపించింది గానీ, నా దగ్గర లేనిది ఆమెకెలా ఇస్తాను.

అక్క తివాచీ పరిచింది. దాని చివర పరుపు, దాని చివర నాలుగు దిండ్లు. గట్టు అక్కడికి వంద అడుగుల దూరం ఉంటుంది. అక్క ముందు నడుస్తూ, మడమ ఆనించి ఆనించి చూసి, గట్టిగా ఉన్నచోట దిండు వేయించేది. నేను పెద్దమామాను ఒక భుజం మీద మోస్తూ, దాటిన దిండును వెనక్కి వంగి లాగి ముందుకు విసరాలి. ఆమె గోళ్ళు నా మెడలో దిగాయి. ఆమె తన ప్రార్థన చదువుతోంది, నేను ఎములాడ రాజన్న మొదలుకొని కొండగట్టు అంజన్న దాకా అందరినీ పిలుస్తున్నాను.

"దేవుళ్ళని తరవాత పిలుద్దువు గాని, దిండు వెయ్యి" అంది అక్క, వెనక్కి తిరగకుండానే.

మధ్యలో ఒకచోట దిండు మునిగింది. పెద్దమామా కర్ర పూర్తిగా దిగిపోయి చేతికి పిడి మాత్రం మిగిలింది. ముగ్గురం ఆగిపోయాం. కదిలితే దిగుతామేమో, ఆగినా దిగుతామేమో. నీళ్ళు మా వెనక తివాచీని తడుపుతున్నాయి. అక్క మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో తడిమి తడిమి పక్కకు దారి చూపింది. "ఇటు. షువై, షువై" అని ముసలమ్మకు చెప్పింది, మెల్లగా మెల్లగా అని. ఎంతసేపు పట్టిందో తెలియదు. గులకరాళ్ళు కాలికి గుచ్చుకున్నప్పుడు, రాయి గుచ్చుకోవడం ఇంత హాయిగా ఉంటుందా అనుకున్నాను. జీపు అవతల నీడలో దిండు మీద పెద్దమామాను కూర్చోబెట్టాం. అక్క ఉల్లిపాయల సంచీ తలకింద పెట్టుకుని అక్కడే పడుకుంది. నేను కూర్చున్నాను, లేవలేకపోయాను.

అప్పుడు వచ్చాడు కఫీల్. ఎర్రగుడ్డ చూసుకుని, తెల్లటి నిలువు అంగీ వేసుకుని, పిల్లలతో, మాంసం గిన్నెలతో. కారు దిగాడు. కారవాన్ నీళ్ళలో పక్కకు ఒరిగి, తలుపు తెరుచుకుని ఉంది. ఆయన ముఖం తెల్లబోయింది. "అమ్మ ఏది?" అన్నాడు, అరవలేదు. ఆయన అరవకుండా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. నోటికన్నా ముందు చెయ్యి లేచింది. ఆ వెధవ చెయ్యి జీపు వైపు చూపించకుండా కారవాన్ వైపు చూపించింది.

ఆయన పరుగెత్తాడు. అంగీతోనే, చెప్పులతోనే, అమ్మా అమ్మా అని పిలుస్తూ. ఇరవై అడుగులు పోయాక మోకాళ్ళ దాకా దిగబడి నిలబడిపోయాడు. అటు పోలేడు, ఇటు తిరగలేడు. అక్క తుళ్ళిపడి లేచింది. అప్పటికి జీపు వెనక నుంచి పెద్దమామా తొంగి చూసింది. కొడుకును చూసింది, కారవాన్‌ను చూసింది, బురద కొట్టుకుపోయిన నన్ను చూసింది. ఆమె పొట్ట కదలడం మొదలైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ, మళ్ళీ నవ్వుతూ. బురదలో నిలబడ్డ కఫీల్ ఆ నవ్వు విని తల మాత్రం వెనక్కి తిప్పాడు. చాలాసేపు అలాగే చూశాడు.

దిండ్లు వేసి ఆయన్నీ లాగాం. తిడతాడని చేతులు కట్టుకుని నిలబడ్డాను. మోకాళ్ళ దాకా అదే బురద ఉన్న మనిషి ఏమని తిడతాడు? నా కాళ్ళు చూశాడు, తన కాళ్ళు చూసుకున్నాడు. తల్లిని అడిగి జరిగిందంతా విన్నాడు. చివరకు నాతో ఒకటే అన్నాడు. "ఇక నుంచి బండి తోలడం నీ పని. ఎక్కడ ఆపాలో ఆమె చెప్తుంది."

మర్నాడు సముద్రం వెనక్కి తీశాక ట్రాక్టరు తెచ్చి కారవాన్ లాగించారు. పొయ్యిలో ఒక పీత కాపురం పెట్టి ఉంది. ఆ తర్వాత పన్నెండు చలికాలాలు అక్క ముందు దిగి మడమతో నొక్కుకుంటూ నడిచేది, నేను ఆమె చెప్పులు పట్టుకుని వెనక నడిచేవాణ్ణి. నాకేమీ నామోషీ అనిపించలేదు. అబద్ధమెందుకు, మొదటి రెండేళ్ళు అనిపించింది.

అక్క ఇంటికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. పెద్దమామా కూడా లేదు. ఇప్పుడు కఫీల్ మనవలకు చోటు వెతకడం నా పని. మొన్న చలికాలం ఒక చోట నచ్చింది, చదునుగా, ఖాళీగా. జీపు రోడ్డు మీదే ఆపి, చెప్పులు విడిచి, మడమతో నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. అయినా అడుగు ముందుకు పడలేదు. ఫోను తీసి అక్కకు వీడియో కాల్ చేశాను.

"ఏం తమ్ముడూ, బాగున్నావా?"

"బాగనే ఉన్ననక్కా. ఈ జాగ ఒక్కసారి సూడరాదు."

"నీ మొహం చూపిస్తే ఏం తెలుస్తాది. నేల చూపించు."

ఫోను తిప్పాను. తిప్పుతుండగా తెర మూలన ఒక ముసలివాడు కనిపించాడు. నెరిసిన మీసం, చేతిలో చెప్పులు, గట్టి నేల మీద నిలబడి కూడా వణుకుతున్న గడ్డం. వీడికి భయపడడం వచ్చిందని తెలిసి నాకు నవ్వొచ్చింది. అక్క అటునుంచి ఇంకా నేలనే చూస్తోంది.  నేనూ అలాగే నిలబడ్డాను, ఆమె చెప్పేదాకా.