కోసిగిలో పడని రాయి

రోహిణి కార్తె ఎండకు ఎమ్మిగనూరులో కుక్కలు కూడా కాలవల్లో దిగి పడుకునే వేళ, సోమన్న ఒక్కడే నెత్తిన తడి తువ్వాలు వేసుకుని బస్టాండు వైపు నడుస్తూ కనిపించేవాడు. యాభై ఎనిమిదేళ్ళ నేతగాడు. పుట్టింది మగ్గం గుంత పక్కన, బతుకంతా గడిచింది ఆ గుంతలోనే. తొలకరి దగ్గర పడుతోందని గాలి చెప్పగానే మాత్రం పడుగు సగంలో ఉన్నా భార్య కస్తూరమ్మకు అప్పగించి లేచిపోయేవాడు. వాన పడితే ఉసిళ్ళకు రెక్కలొస్తాయి గానీ మా ఆయనకు వానకు ముందే వస్తాయని ఆమె వీధిలో చెప్పి నవ్వేది. నవ్వు సగమే, మిగతా సగం విసుగు.

ఆయన పోయేది వజ్రాల వేటకు. ఈ పడమటి మెట్ట చేలల్లో తొలి వాన మట్టిని కడిగాక ఎప్పుడైనా ఒక మెరుపురాయి పైకి తేలుతుంది. దానికోసం ఊళ్ళకు ఊళ్ళు నడుములు వంచి తిరుగుతాయి. ఇరవై రెండేళ్ళలో సోమన్నకు దొరికినవి మూడే మూడు, మూడూ కందిబద్దకు మించవు. అయినా ఆ తిరుగుడులో రెండు అలవాట్లు ఆయన ఎముకల్లోకి దిగిపోయాయి. దొరికిన రాయిని ముందుగా నాలుకతో తడిపి ఎండకు పట్టి చూడటం ఒకటి. అది దొరికిన చోటు ఎవరికీ చెప్పకపోవడం రెండోది. అడిగితే సరిగ్గా ఎదురు దిక్కున ఉన్న ఊరి పేరు చెప్పాలి. దక్షిణాన దొరికితే ఉత్తరం, తూర్పున దొరికితే పడమర. దాన్ని వేటగాళ్ళెవరూ అబద్ధం కింద లెక్కవేయరు.

ఈ ఏడు రోహిణికి వారం ముందే ఒక మిట్టమధ్యాహ్నం ఆలూరు, చిప్పగిరి పల్లెల మీద ఆకాశం ఉరిమింది. మబ్బు తునక లేదు. క్వారీలో మందు పేల్చారని కొందరు, యుద్ధవిమానమని కొందరు అనుకుని మళ్ళీ నీడకు చేరారు. రెండు రోజుల తరువాత చిప్పగిరి పక్కన, ఉరుకుందు అనే రైతు చేనులో, రేపు వాన పడితే ఏ వాలులో వెదకాలో చూసుకుంటున్న సోమన్న కాలికి ఒక నల్లరాయి తగిలింది. పైన సంగటి కుండ అడుగు మాడిన చెక్కలాంటి పొర. ఒక పక్క విరిగి ఉంది. విరిగిన చోట నల్లటి పొడిలో కొర్రగింజల్లాంటి గుండ్రటి పలుకులు. అలవాటుగా నాలుక పెట్టాడు. ఉప్పగా ఉంది.

దాన్ని తువ్వాలు చెంగున కట్టి తెచ్చి అర్చనకు ఇచ్చాడు. అర్చన వాళ్ళ వీధిలోనే పుట్టిన పిల్ల, ఇప్పుడు ఆదోనిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఒక చిన్న ముక్కను హైదరాబాదులో తెలిసిన ల్యాబుకు పంపింది. పది రోజులకు ఫోను వచ్చింది. ఆ సాయంత్రం ఆమె చెప్పులు విడవడం మరిచి మగ్గం గుంత దాకా వచ్చేసింది. అది ఆకాశం నుంచి పడ్డ రాయి. అందులోనూ చాలా అరుదైన జాతి. ఎక్కడ దొరికింది మామా అని అడిగింది.

"కోసిగి పక్క" అన్నాడు సోమన్న. బుర్ర కన్నా ముందు నాలుకే జవాబు చెప్పేసింది. చిప్పగిరి ఆదోనికి దక్షిణం, కోసిగి ఉత్తరం.

ఆకాశం నుంచి రాళ్ళు పడతాయంటే ఒకప్పుడు యూరపు పండితులు పడీపడీ నవ్వారు. పల్లెజనం కల్లు తాగి చెప్పే కబుర్లన్నారు. చివరికి ఫ్రాన్సులో ఒక ఊరి మీద పట్టపగలు వేలకొద్దీ రాళ్ళు కురిసి, ఒక పెద్దమనిషి ఇల్లిల్లూ తిరిగి సాక్ష్యాలు రాసుకుని వచ్చాకే వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. అక్కడ పల్లెజనం నిజం చెబితే చదువుకున్నవాళ్ళు నమ్మలేదు. ఇక్కడ చదువుకున్న పిల్ల అడిగీ అడగగానే నమ్మేసింది, చెప్పినవాడిది నిజం కాదు.

ల్యాబు నుంచి ఇద్దరు జీపులో వచ్చారు. అర్చన సెలవు పెట్టి వాళ్ళతో నాలుగు రోజులు కోసిగి చేలన్నీ జల్లెడ పట్టింది. ముఖం కమిలి నల్లబడింది. ఐదో రోజు ఆ ఇద్దరూ ఇక లాభం లేదని వెళ్ళిపోయారు. ఆమె మాత్రం మానలేదు. ఆ నాలుగు రోజులూ సోమన్న మగ్గం మీద కూర్చోలేకపోయాడు, ఇంట్లో నిలవలేకపోయాడు. టీ అంగడికి, అక్కడి నుంచి బస్టాండుకు, మళ్ళీ ఇంటికి. కూర్చుని నాడె విసిరితే పోగు తెగేది. కస్తూరమ్మ ఆయన చేతిలోంచి నాడె లాక్కుని, పో, ఆ తిరుగుడేదో బయటే తిరుగు అంది.

ఆయన్ని ఆపుతున్నది వట్టి అలవాటే అయితే ఎప్పుడో చెప్పేసేవాడు. మూడేళ్ళ కిందట అక్కడ వజ్రం దొరికిందని ఎవడో నోరు జారితే, రెండు వందల మంది ఉరుకుందు విత్తిన వేరుశనగ చేనులో పడి మొలకలన్నీ తొక్కేశారు. అప్పటి నుంచి ఆ రైతు ఎవరినీ గట్టు దాటనివ్వడు. మందిని తేనని మాటిచ్చిన సోమన్నను తప్ప.

ల్యాబువాళ్ళు వెళ్ళిపోయిన రాత్రి అర్చన మళ్ళీ వచ్చింది. అంతగా ఆ రాయిలో ఏముందని సోమన్న అడిగాడు. ఆమె కండెల బుట్టలోంచి రెండు నీలం నూలు కండెలు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఈ రెండూ ఒకే రంగు తొట్టిలో ముంచినవా మామా?"

సోమన్న దీపం దగ్గరికి జరిపి చూశాడు. కాదు, ఒకటి ముందు తొట్టి, ఒకటి తరువాతి తొట్టి, నేసినాక చారలు పడతాయి అన్నాడు. రాళ్ళూ అంతేనంది అర్చన. నాలుగు వందల యాభై కోట్ల ఏళ్ళ కిందట సూర్యుడి చుట్టూ దుమ్ము తిరిగేది. ఆ దుమ్ము సూర్యుడి దగ్గర ఒక తొట్టి, దూరాన ఒక తొట్టి. నడుమ గురుగ్రహం అడ్డుకట్టలా నిలిచి రెంటినీ కలవనివ్వలేదని ఇప్పుడు చాలామంది నమ్మకం. రాయిలోని ఆక్సిజన్, క్రోమియం వంటివి తూచి చూస్తే అది ఏ తొట్టిదో తెలుస్తుంది. కొన్ని గ్రహశకలాలు లోపలి వేడికి కరిగిపోయి, ఇనుమంతా అడుగుకు దిగి, చిన్న భూముల్లా తయారయ్యాయి. అవి బద్దలైతే వచ్చేవే ఇనుప ఉల్కలు. కొన్ని కరగనే లేదు. మొదటి దుమ్ము, మొదటి పలుకులు అలాగే ఉండిపోయాయి. సోమన్న తెచ్చింది అలాంటిది, దూరపు తొట్టిది. దాంట్లో మంచు కరిగి నీళ్ళు పారి, ఇంకిపోయి ఉప్పు మిగిలినట్టుంది. మన భూమికి నీళ్ళు ఎక్కడివి అనే ప్రశ్నకు జవాబు అలాంటి ఉప్పులో ఉండొచ్చు.

"ఉప్పగా ఉండిందిలే" అన్నాడు సోమన్న.

అర్చన కండెలు కింద పెట్టేసింది. "నాకి సూసినావా?"

సోమన్న తల ఊపాడు.

"ఇంకేముంది మామా. దాంట్లో నీ ఎంగిలి ఉప్పు యాడుందో, రాయి ఉప్పు యాడుందో ఎవురు సెప్తారు? ఇంకో ముక్క దొరకాల. ఒక్క వాన పడిందంటే అదీ కరిగిపోతాది."

ఆగి మరో సంగతి కూడా చెప్పింది. ఇలాంటి రాయికి అది పడ్డ ఊరి పేరే పెడతారు. లోకంలో ఎక్కడి పుస్తకంలోనైనా ఆ పేరుతోనే ఉంటుంది. అది విన్నప్పుడు సోమన్నకు ఉరుకుందు చేను గుర్తొచ్చింది. ఒక్క మనిషికి చెప్పడం కాదు ఇది, లోకానికంతా దండోరా వేయడం.

మర్నాడు మృగశిర. తెల్లారేసరికి దక్షిణాన మబ్బు నల్లగా కమ్మింది. ఆదోని బస్టాండులో కోసిగి బస్సు దగ్గర అర్చన ఒంటరిగా నిలబడి ఉంది, చంకన సంచి, సంచిలో శుభ్రం చేసిన అల్యూమినియం రేకు కాగితాలు. సోమన్న ఎమ్మిగనూరు బస్సు దిగీ దిగగానే ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది.

"ఆ బస్సు గాదమ్మా" అన్నాడు. "కోసిగిలో పడలేదు. చిప్పగిరి."

ఆమె కాలు దించింది. "నాలుగు దినాలు ఎండలో మాడినాను మామా" అంది. అంతే. ఆలూరు బస్సెక్కి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆలూరు నుంచి చిప్పగిరికి ఆటో ఎక్కాక కూడా రేకు కాగితాలే సర్దుకుంటూ కూర్చుంది. సోమన్న మాత్రం ఆటో లోపల కూర్చోలేక డ్రైవరు పక్కన ఒరిగి వేలాడుతూ మబ్బునే చూస్తూ వచ్చాడు.

ఉరుకుందు గట్టు మీద గొర్రుకు మోకు బిగిస్తున్నాడు. సంగతి విని పని ఆపలేదు. మాటిచ్చినావే అప్పా అన్నాడు. ఆ తరువాత, వాన పడేదాకా తిరగండి, పడినాక గట్టెక్కండి, తడి నేలను తొక్కనియ్యను అన్నాడు.

గంటన్నర తిరిగారు. అర్చన గీతలు గీసుకుని వరుసగా నడిచింది. సోమన్న తనకు తెలిసిన తీరున, ఎండ పక్కకు తల వంచి, నేల మీద నీడలు వెతుకుతూ అడ్డదిడ్డంగా తిరిగాడు. దూరాన వాన తెర కనిపిస్తోంది. మన్ను వాసన ముందే వచ్చేసింది. తూర్పు మూల, ఎండిన పత్తి మోళ్ళ నడుమ, కోడిగుడ్డంత నల్లటిది. సోమన్న చేయి దానంతటదే పోయింది. సగంలో ఆపుకుని అర్చనను కేకేశాడు.

ఆమె పరుగెత్తుకొచ్చి రేకుతో దాన్ని పైకెత్తి, మడిచి, డబ్బాలో పెట్టి మూత బిగించింది. మొదటి చినుకు మూత మీద పడింది. ఆ తరువాత చేనంతా ఒక్కసారి చప్పుడైంది. ముగ్గురూ గట్టు మీద ఆపి ఉన్న ఉరుకుందు ఎద్దులబండి కిందికి దూరారు. అర్చన చీటీ తీసి, తేదీ రాసి, కలం ఆపింది.

"ఊరు ఏమని రాయాల?"

సోమన్న ఉరుకుందు వైపు చూశాడు. ఉరుకుందు వానలోకి చేయి చాపి అరచేయి కడుక్కున్నాడు.

"రాయమ్మా. పడింది ఈడ. కోసిగోళ్ళ పేరు పెడతామా?" అన్నాడు. తరువాత సోమన్న వైపు తిరిగి, "రేపటేడు మంది వస్తారు. వస్తే ఈ గట్టు మీద నిలబడి తోలేది నువ్వే సోమన్నా. తొలకరి పొద్దుటి నుంచి మొలక గట్టిపడేదాకా."

అంటే వేట మొత్తం పోయినట్టే. రుతువంతా ఒక్క గట్టు మీద. సోమన్న బండి చక్రం సందులోంచి బయటికి చూశాడు. వాన మట్టిని కడుగుతోంది; అవతలి వాలు ఎర్రగా తేలుతోంది; ఆ వాలు మీద వెదకడానికి ఇంతకన్నా మంచి రోజు ఉండదు.

"ఎన్ని దినాలప్పా?" అన్నాడు.

"నలభై."

సోమన్న కాళ్ళు ముడుచుకుని, మళ్ళీ చాపుకున్నాడు. "రాసుకోమ్మా, చిప్పగిరి" అన్నాడు.