పంతులుగారి బొటనవేలు

మా పంతులుగారు పోయారు. ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా పోయారు. కార్డు రాజమండ్రిలో నా చేతికందేసరికి దహనం కూడా అయిపోయింది. చావు కబురు తెచ్చిన కార్డు చదివి చించెయ్యాలంటారు. చించేశాను. చించాక ఇంకోసారి చదువుకుంటే బాగుండుననిపించింది.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఉండరు. పాలకొల్లు దాటి కాలవ మీద ఒక పూట పడవలో పోతే వచ్చే ఊళ్ళో వీధిబడి పంతులు. నాకు ఇసకలో ఓనమాలు దిద్దించింది ఆయనే. పొట్టి మనిషి. సులోచనాలకి ఒకవైపు కాడ విరిగితే నల్లదారం కట్టి చెవికి చుట్టుకునేవారు. ఆ దారం మార్చడం నేను ఎన్నడూ చూడలేదు.

ఉగాదినాడు పొద్దున్నే పిల్లలందరం తలంటి పోసుకుని ఆయన అరుగు ముందు చేతులు చాపుకుని నిలబడాలి. పచ్చడి ఆయనే పెట్టేవారు. మా ఇళ్ళలో వేపపువ్వు ఉందా లేదా అన్నట్టు వేస్తే, ఆయన గుప్పెళ్ళకొద్దీ వేసేవారు. బెల్లం దగ్గర మాత్రం చెయ్యి వచ్చేది కాదు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చేవి. "మింగాక చిట్లించుకోరా మొహం, మింగకముందు వద్దు" అనేవారు. అందరం మింగేదాకా కదలనిచ్చేవారు కాదు.

మధ్యాహ్నం అగ్రహారంలో పెద్దల ముందు పంచాంగం చదివేవారు. అక్కడ అక్షరం పొల్లుపోకుండా చదివేవారు. గ్రహాలు ఎలా ఉంటే అలాగే చెప్పేవారు. ఎవరి మొహం మాడినా పట్టించుకునేవారు కాదు. తర్వాత పుస్తకాన్ని పసుపు అద్దిన గుడ్డలో చుట్టుకుని, తాటాకు గొడుగు వేసుకుని, కాలవ రేవుకి బయల్దేరేవారు. అక్కడ పడవలవాళ్ళు, వలలవాళ్ళు చాప పరిచి కనిపెట్టుకుని ఉండేవారు. వాళ్ళని అగ్రహారంలోకి రానిచ్చేవారు కాదు కదా, అందుకని ఈయనే వెళ్ళేవారు. దీనికి ఊళ్ళో పెద్దలు మూతులు విరిచేవారు. ఈయన విననట్టే ఉండేవారు.

వాళ్ళకి జన్మనక్షత్రాలు తెలియవు. పేరులో మొదటి అక్షరం బట్టి రాశి చూసి చెప్పేవారు. "నీకు రాజపూజ్యం ఆరు" అంటే ఒకాయన నవ్వి, "రాజుగారు నన్నేటండి పూజించేది?" అన్నాడు. "రాజుగారికి తీరిక లేకపోతే తాసీల్దారు పూజిస్తాడులే" అన్నారు ఈయన. రేవంతా నవ్వింది. ఆ పక్కనే ఉండే అవమానం అంకె మాత్రం ఎప్పుడూ చదివేవారు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "అది వాళ్ళకి ఏడాది పొడుగునా ఉన్నదేరా. పండగపూట నేను చదివి వినిపించాలా?" అన్నారు.

అప్పటికి నాకు ఇంకా తెలియని సంగతి ఒకటుంది. రేవులో చదివేటప్పుడు ఆయన కుడిచేతి బొటనవేలు పేజీ మీద పాకుతూ ఉండేది. చెడ్డమాట ఉన్న వరుస రాగానే దాన్ని వేలితో కప్పేసి, పైనున్న మంచిమాటే ఇంకోసారి చెప్పేవారు.

రాజమండ్రిలో రెండేళ్ళు ఇంగ్లీషు చదివి నేను ఉగాదికి ఊరొచ్చాను. అంగరఖా, కిర్రుచెప్పులు, నెత్తిన పొగరు. ఆయనతోపాటు రేవుకి వెళ్ళి వెనక నిలబడ్డాను. ముందు వరసలో ఒక పడవాయన, పక్కన ఆయన భార్య కూర్చున్నారు. చిన్నప్పుడు నా నడుం కింద చెయ్యి పెట్టి ఈత నేర్పింది ఆ పడవాయనే. పంతులుగారు ఆయన రాశి చూసి, "ఈ ఏడు వేట బాగుంటుంది, వల నిండుతుంది" అన్నారు. నేను భుజం మీంచి చూస్తున్నాను. బొటనవేలు కొంచెం జరిగింది.

"అది కాదండీ పంతులుగారూ. వేలి కింద జలగండం అని ఉంది" అన్నాను.

అప్పటికి నాకు పంచాంగం మీద నమ్మకం లేదు. గ్రహాలూ లేవు, గండాలూ లేవని రాజమండ్రిలో స్నేహితులతో వాదించి గెలిచి వచ్చినవాణ్ణి. నేను నమ్మని పుస్తకంలో మాట తప్పు చదివారని, నాకు అక్షరాలు దిద్దించిన మనిషిని నలుగురిలో నిలబెట్టాను. ఎందుకంటే నాకు చదవడం వచ్చని వాళ్ళకి తెలియాలి. అంతే, ఇంకో కారణం లేదు.

పడవాయన, "ఇన్నేళ్ళూ ఇలాగే సదివారాండి మాకు?" అని అడిగాడు. పంతులుగారు పుస్తకం గుడ్డలో చుట్టుకున్నారు. దారిలో ఒక్కమాట అన్నారు. "చదువు బాగా వచ్చిందిరా నీకు. అక్షరం తప్పు పోలేదు."

చెంప పగలగొట్టినా బాగుండేది. నాలుగు తిట్లు తిట్టినా ఇన్నేళ్ళు మొయ్యకపోదును. తిట్టలేదని ఆయన మీద కూడా నాకు కోపమే, ఇవాళ్టికీ.

పడవాయన మళ్ళీ నీళ్ళలో దిగలేదు. పడవ వచ్చినకాడికి అమ్మేసి కాలవ తవ్వకంలో మట్టి మోశాడు. మూడో ఏడు జ్వరం తగిలి పోయాడు. ఆయన భార్య ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి కొడుకుని పెంచింది.

రేవులో మళ్ళీ పంతులుగారికి చాప పరిచినవాళ్ళు లేరు. అయినా ఏటేటా వెళ్ళేవారు. పడవలు కట్టే రాయి మీద కాసేపు కూర్చుని, ఎవరూ రాకపోతే లేచి వచ్చేసేవారు. నేను ఉగాదికి ఊరు రావడం మానేశాను. ఉద్యోగంలో సెలవు దొరకలేదని రాసేవాణ్ణి. సెలవు దొరికేది. స్నేహితుల ఇళ్ళలో బూరెలు తింటూ, ఈపాటికి ఆయన రేవులో ఉంటారు అనుకునేవాణ్ణి. అనుకుంటూనే ఇంకో బూరె వేయించుకునేవాణ్ణి.

ఈ ఉగాదికి వెళ్ళాను, ఆయన పోయాక. పంతులుగారి భార్య చావడిలో ఓ మూల కూర్చుని ఉన్నారు. మైల కదా, ముట్టుకోకుండా గోడమేకుకి వేలాడుతున్న సంచీ గడ్డంతో చూపించారు. "కొత్త పంచాంగం. పోయేముందు తెప్పించుకున్నారు. రేవులో చదివి రా నాయనా. నీ చేత చదివించమన్నారు." నా చేత అని ఆయన ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేదు.

వెళ్ళి ఆ రాయి మీదే కూర్చున్నాను. చాలాసేపటికి ఒకావిడ వచ్చింది. తల నెరిసింది గానీ గుర్తుపట్టాను. పడవాయన భార్య.

"బాబుగారండీ, మావోడు అప్పు చెయ్యకుండా పడవ కట్టుకున్నాడండి. ఇయ్యాళే నీళ్ళలోకి దింపుతున్నాడు. ఆడి పేరు మీద ఎలా ఉందో సూడండి. బాగోపోతే ఆపేస్తాను."

చూశాను. బాగాలేదు. రెండు వరుసల పొడుగునా బాగాలేదు. నా బొటనవేలు ఎప్పుడు వాటి మీదికి వెళ్ళిందో నాకు తెలియదు.

"చాలా బాగుందమ్మా. వేట బాగుంటుంది. వెళ్ళమను."

ఆవిడ దణ్ణం పెట్టింది. "మీరు సెప్పారంటే నిజమేనండి. పంతులుగారు మంచోరే గానీ అబద్ధాలు సెప్పేవోరు. మీరు ఆవేళ మా ఆయనకి ఉన్నది ఉన్నట్టు సెప్పేశారు. మీ మాట మీద పంపుతున్నానండి."

పడవ ముక్కుకి పసుపు రాసి వేపరెమ్మ కట్టారు. కొడుకు గెడ వేసి నెట్టాడు. మలుపు తిరిగేదాకా ఆవిడ చెయ్యి ఊపుతూనే ఉంది. నేను పుస్తకం మూయలేదు, వేలు తియ్యలేదు.