ఎండ కొలిచే గాజుకు బొట్టు

చిన్నమనూరు దగ్గర మా మేనత్త ద్రాక్షతోటలో సోలార్ డ్రయ్యర్ పెట్టించింది నేనే. కోయంబత్తూరులో నేను పనిచేసే కాలేజీ, ఇంకో రెండు కాలేజీలు కలిసి చేసిన పరిశోధన అది. ఒకే రకం డ్రయ్యర్ పెట్టె మూడు ఊళ్లలో పెట్టాం: ఇక్కడ ద్రాక్షకు, పెరియకుళంలో కొబ్బరికి, ఒట్టన్‌చత్రంలో టమాటాకు. ఎక్కువ సామర్థ్యం చూపిన చోటే పెట్టె మిగులుతుంది. మిగతా రెండూ విప్పేస్తారు.

అత్తకు ఆ పెట్టె కావాలి. వాన పడితే ద్రాక్ష పగులుతుంది, పగిలిన పండును వ్యాపారి ముట్టుకోడు. పెట్టె వచ్చాక అదే పండు కిస్‌మిస్ అవుతోంది. "ఇది పోతే నా చెయ్యి ఇరిగినట్టే పాపా" అని నాతో రెండుసార్లు అన్నది.

ఆయుధపూజ దాటాక మా పెట్టె సామర్థ్యం అంకెలు ఒక్కసారిగా లేచాయి. అవి రోజూ నా ఫోనుకే వస్తాయి కాబట్టి తోటకు పోకుండా ఫోను చూసుకునే మురిశాను. వీడియో మీటింగులో పెరియకుళం పని చూసే ఆయన "మీ లెక్క ఎక్కడో తేడాగా ఉంది, ఒకసారి చూడండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు అరగంట వాదించాను. ఆయన నోరు మూయించాలనే మర్నాడు బస్సెక్కాను.

పెట్టె పక్కన కడ్డీ మీద ఎండను కొలిచే సాధనం ఉంటుంది, చిన్న గాజు బుడగ. దాని నడినెత్తిన దట్టంగా చందనం, చందనం మీద కుంకుమ. లోపలికి వెలుగు సరిగా పోవడం లేదు. పడే ఎండ తక్కువని అది చెబుతుంటే, అంత కొంచెం ఎండతోనే పండ్లన్నీ ఎండాయని పెట్టెకు మార్కులు పెరిగాయి.

"ఎవరు పెట్టింది అత్తా ఇది?"

"నేనే. ట్రాక్టర్‌కు పెడితిమి, మోటార్‌కు పెడితిమి, పారకు పెడితిమి. ఇది మాత్రం చుమ్మా, ఊరికెనే నిలబడి చూస్తా ఉండాల్నా?"

సంగతి చెప్పాను. తుడిస్తే అంకె దిగుతుంది, దిగితే పెట్టె పోతుంది. తుడవకపోతే ఎవరికీ తెలియదు. ఆ చివరి మాట పైకి అనలేదు గానీ, అనుకున్న మాట నిజం.

అత్త అడిగింది, "కిస్‌మిస్ ముందు ఎన్నినాళ్లకు ఎండె?"

"అయిదు."

"బొట్టు పెట్టినాక?"

"అయిదే."

"అట్లయితే ఈ పెట్టె ఎక్కువ చేసింది ఏముండాది?" అంటూ కొంగు తడిపి తానే తుడిచింది. నాకు సిగ్గేసింది.

అంకె పాత చోటికి దిగింది. మీటింగులో పెరియకుళం ఆయనకు క్షమాపణ చెప్పాను. "అయ్యో, మావాళ్లూ పెట్టారేమో చూసొస్తా ఉండండి" అన్నాడు. పెట్టలేదట. ఒట్టన్‌చత్రం పెట్టె మిగిలింది. మాది విప్పిన రోజు అత్త పక్కనే నిలబడి, కింద పడిన నట్లు ఏరి ఇచ్చింది.

మరుసటి ఆయుధపూజకు ఫోన్లో ఒక ఫోటో పంపింది. ఇదివరకు పెట్టె ఉన్న సిమెంటు దిమ్మె మీద మిగిలిపోయిన నాలుగు బోల్టులు, ఒక్కోదానికి చందనం, కుంకుమ. కింద ఆమె గొంతు:

"ఇప్పుడు పెడితే ఎవురి లెక్కా తప్పదు గదా పాపా?"