మా వరండాకు దొర బంగళా జాలీ

ఈ రోజు సిరోంచలోని మా ఇంటి వరండాకు పాత దొరల బంగళా తరహాలో లతలూ పూలూ తీర్చిన ఇనుప జాలీ, నగిషీ రెయిలింగు బిగించారు. కోరింది నానమ్మే. దొరతనాన్ని అలంకారంగా తెచ్చుకోవడం బానిసత్వమేనని నేను వాదనకు దిగాను.

"కూలి కోసం గసొంటి జాలీ బయట ఎండల నిలవడ్డది నేను. లోపల కూసుంటే ఎట్లుంటదో జర సూడనియ్యి బిడ్డా," అన్నది నానమ్మ.

సాయంత్రం బామ్ని పల్లె నుంచి కూరగాయలమ్మే లచ్చక్క వచ్చింది. రోజూ వరండాలో కూర్చుని నానమ్మతో కబుర్లాడే మనిషి, ఇవాళ మెట్ల కిందే ఆగిపోయింది.

"కొత్తది గదా, నా కాళ్లకు మట్టున్నది."

పర్వాలేదు, రమ్మన్నాను. ఆమె నానమ్మ ముఖం చూసింది. నానమ్మ కొంగుతో జాలీ పూల మీది దుమ్ము తుడుస్తూ ఉండిపోయింది.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. ఇప్పుడు నేను వాదించాల్సింది ఎవరితోనో తెలిసినవారు చెప్పండి.