పదమూడు సెకన్ల లెక్కలో తప్పిన రెండు బస్తాలు

నా పాత కారు క్లచ్ ప్లేట్ అరిగి జారుతోందని, దించి మార్చాల్సిందేనని మెకానిక్ సాయిలు వారం నుంచి అంటున్నాడు. నేను నా రోజువారీ పుస్తకంలో లెక్క వేశాను. ఇంజన్ బలంలో గేర్లూ ఇరుసులూ తినేది పోగా చక్రాలకు చేరేదెంత, మా ఇద్దరితో కలిపి బండి బరువెంత అని చూస్తే, ఆగి ఉన్న కారు పదమూడు సెకన్లలో గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం అందుకోవాలి. అంతకు మించితే క్లచ్ జారుతున్నట్టే.

ఈ రోజు కామారెడ్డి దాటాక ఎల్లారెడ్డి రోడ్డు ఖాళీగా ఉన్న చోట కారు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. సాయిలు ఫోన్‌లో సమయం చూశాడు. పద్నాలుగు దాటింది.

"నేనేం చెప్పిన అన్నా? క్లచ్ పోయింది. నీ పుస్తకంల రాసుకో!" అన్నాడు.

రాద్దామని తెరిస్తే, పక్క పేజీలో పొద్దున నేనే రాసుకున్న మాట కనిపించింది: "ఎల్లారెడ్డిలో అక్కకు రెండు బస్తాల బియ్యం." క్వింటాల్ బరువు డిక్కీలోనే ఉంది!

అక్క ఇంట్లో బస్తాలు దించి, వెనక్కి వచ్చి మళ్లీ అదే చోట తొక్కాను. సరిగ్గా పదమూడు! నా అరుపుకు సాయిలు ఉలిక్కిపడ్డాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని, "అయితే క్లచ్ కాదన్నా, అక్కకు బియ్యం మోసుడు బంద్ జెయ్యాలె" అన్నాడు.

ఈ మాట అక్కకు ఎవరు చెబుతారు? మీలో ధైర్యం ఉన్నవాళ్లు ముందుకు రండి.