లామినేషన్ చేసిన ఏడు తరాలు

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు తెలియని సంగతంటూ ఈ భూమ్మీద ఒక్కటీ ఉండేది కాదు. ఆ రోజుల్లో విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో పని చేసేవాణ్ణి. శుభలేఖలు, కర్మ కార్డులు కొట్టీ కొట్టీ, ఊళ్ళో సగం మంది పెళ్ళిళ్ళూ చావులూ నా చేతి మీదుగానే జరుగుతున్నాయన్నంత గీర ఉండేది. కంకిపాడు దగ్గర పల్లెలో ఉండే మా తాత నన్ను 'కంపూటరోడా' అని పిలిచేవాడు. ఆయనకి వేలిముద్రే చదువు. సొంతానికి సెంటు భూమి లేదు, జీవితమంతా కౌలు సేద్యమే. కానీ దమ్ము చేసిన మడిలో నీళ్ళు చూసి, ఏ మూల ఎంత ఎత్తుందో గట్టు మీంచే చెప్పేసేవాడు.

ఒక ఆదివారం ఆ గట్టు మీదే నన్ను కూచోబెట్టాడు. "ఒరే, మా నాన్న పేరు, ఆయన పైవాళ్ళ పేర్లు చెప్తా, రాసుకో. నేను పోయాక పెద్దకర్మలో నాతోపాటు ఆ పేర్లు చదివించాల. ఆయనకి ఇంతవరకూ ఓ ముద్ద పెట్టినోళ్ళు లేర్రా" అన్నాడు. తాతకి పదేళ్ళప్పుడు వాళ్ళుండే లంక ఊరిని కృష్ణ వరద ముంచేసింది. వాళ్ళ నాన్న కొట్టుకుపోయాడు, శవం దొరకలేదు. దొరకలేదు కనక ఎప్పటికైనా వస్తాడని వాళ్ళమ్మ బతికున్నంతకాలం బొట్టు తీయలేదు, కర్మ చేయనివ్వలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, స్నేహితులతో మ్యాట్నీకి టైమైపోతోందని, "వచ్చే ఆదివారం రాసుకుంటాలే తాతా, ఇప్పుడు పెన్ను లేదు" అన్నాను. (చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి. తాత వాటి వంక చూశాడు కూడా.)

ఆ వచ్చే ఆదివారం నాలుగు నెలల దాకా రాలేదు. ఈలోగా తాతకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, మాటా పడిపోయాయి.

మా నాన్నని అడిగితే, "నాకేం తెలుసురా, మా నాన్నని ఎదురుగా నిలబడి ఒక మాట అడిగే ధైర్యం నాకెప్పుడుంది?" అన్నాడు. సరే, అడగడం ఎందుకు, బుర్ర ఉపయోగిస్తే చాలదా అనుకున్నాను. మా వైపు తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. నాకు మా తాత పేరే పెట్టారు. ఆ ప్రకారం మా నాన్న మస్తాన్ రావుకి ఆయన తాత పేరే వచ్చి ఉండాలి. అంటే ముత్తాత మస్తానయ్య! (దర్గాకి మొక్కుకుని హిందువులు ఆ పేరు పెట్టుకోవడం మా వైపు మామూలే.) పైగా తాత ఓటరు కార్డులో తండ్రి పేరు దగ్గర కూడా 'మస్తాన్' అనే ఉంది. తండ్రీ కొడుకుల పేర్లు తారుమారైన కార్డులు ఊళ్ళో ఎన్నున్నాయో నాకు తెలియకపోలేదు. కానీ మనకి కావలసిన ముక్క దొరికాక ఎవడు వెనక్కి తిరిగి చూస్తాడు? ముత్తాత పైన మళ్ళీ మా తాత పేరు, ఆ పైన మళ్ళీ మస్తానయ్య. అలా ఎక్కాలు చదివినట్టు ఏడు తరాలు లాగేశాను. రంగుల్లో ప్రింటు తీసి, చుట్టూ పెళ్ళి కార్డుల లతల బార్డరు పెట్టి, లామినేషన్ చేయించి పట్టుకెళ్ళాను.

మంచం పక్కన కూచుని ఒక్కో పేరూ గొంతెత్తి చదివాను. 'మస్తానయ్య' అనగానే తాత కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమ చేత్తో అట్ట లాక్కుని, నేను వేలు పెట్టి చూపించిన గడి మీద గోటితో గీకడం మొదలుపెట్టాడు. బబ్బబ్బా అంటున్నాడు. కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి. "చూశావా నాన్నా, వాళ్ళ నాన్న పేరు ఎలా తడుముకుంటున్నాడో!" అన్నాను. నాన్న కూడా కళ్ళొత్తుకున్నాడు. అంత గీకినా పేరు చెక్కుచెదరలేదు. లామినేషన్ గట్టిగా పడిందని లోపల్లోపల సంతోషించాను కూడా.

పదిహేను రోజులకి తాత పోయాడు. కాలవ గట్టు మీద పెద్దకర్మ. పంతులుగారు "మీ తాతగారి పేరు చెప్పండి" అనగానే నాన్న నా వంక చూశాడు. నేను అట్ట బయటికి తీసి, "మస్తానయ్యగారండీ" అని అక్కడున్న అందరికీ వినబడేలా చెప్పాను. మంత్రం చదివారు, నాన్న పిండం పెట్టాడు. అప్పుడు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూచున్న చల్లపల్లి మామ్మ (తాత చెల్లెలు, తుంటి విరిగి అప్పటిదాకా రాలేకపోయింది) గట్టిగా అడిగింది.

"మస్తానెవర్రా?"

"మా తాత కదత్తా" అన్నాడు నాన్న.

"నీ మొహం! మస్తాను పడవ సాయిబురా. వరదలో మీ నాన్నని జుట్టు పట్టి పడవలోకి లాగినోడు. ఆ రుణానికే నీకా పేరు పెట్టుకున్నాడు మా అన్నయ్య."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చిన మాట నిజం. నాన్న మాత్రం నవ్వలేదు. "మరి తాత పేరేంటత్తా?" అన్నాడు. చేతికి ఇంకా అన్నం అంటుకునే ఉంది.

"అప్పుడు నాకు రెండేళ్ళురా. మా అమ్మ మొగుడి పేరు ఎత్తుతుందా? 'ఆయన' అనేది. అన్నయ్య 'నాన్న' అనేవోడు. నేనూ నాన్న అనే అనుకున్నా. ఎప్పుడన్నా అడుగుదావంటే, అన్నయ్య ఉన్నాడుగా, ఆడికి తెలుసులే అనుకునేదాన్ని."

ఆ లంక ఊరే ఇప్పుడు లేదు, అడగడానికి మనుషులెక్కడ? నా చేతిలో అట్ట ఉంది. ఎండకి వాలిస్తే ఆ గడి మీద గోటి గీతలు కనిపించాయి. మంచం మీద మనిషి నోరు లేక, చెయ్యి లేక, ఉన్న ఒక్క గోటితో 'కాదురా' అని చెప్తుంటే నేను చప్పట్లు కొట్టాను. ఆ రోజు భోజనాల దగ్గర వడ్డన వంకతో ఎవరి మొహమూ చూడకుండా తిరిగాను.

నాన్న పోయాక తర్పణాలు నా చేతికొచ్చాయి. ఏటా భవానీపురం రేవులో మోకాలి లోతున నిలబడతాను. నాన్న పేరు చెప్తాను, తాత పేరు చెప్తాను. "ముత్తాతగారి పేరండీ?" అంటారు పంతులుగారు. ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పినవాణ్ణి, జుట్టు నెరిశాక మూడో తరం దగ్గరే నీళ్ళు నములుతుంటే నా మీద నాకే నవ్వొస్తుంది. "తెలియదండీ" అంటాను. ఆయన ఆ చోట నారాయణ నామం చెప్పి కానిచ్చేస్తారు. మొన్న మాత్రం కొత్త పంతులుగారు, కుర్రాడు, ఊరుకోలేదు.

"అయ్యో, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ చెప్పలేదాండీ?" అన్నాడు.

"చెప్తానన్నారండీ" అన్నాను.